ఎండలో పెట్టిన సెల్లులు

మా తోడికోడలికి పాట వచ్చు. నాకు సంగీతం వచ్చు. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉంటే ఎవరి కడుపు మండుతుందో చెప్పక్కరలేదు. నాదే మండింది. ఏళ్ళ తరబడి మండింది.

ఆమె మా బావ భార్య, నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. మూడో తరగతి దాకా బడికి పోయిందట గానీ, ఆ చదువు ఎప్పుడో కండెల బుట్టలో పడి పోయింది. బస్సు మీద బోర్డు కూడా చదవలేకపోయేది. మాది మరమగ్గాల ఊరు, వేములవాడకు దగ్గర. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. ఇంటి ముందరి గదిలో నూలిచ్చే సేటువి నాలుగు సాంచలు ఉండేవి. బావ వాటి మీద పనిచేసేవాడు, అక్క గోడవారగా కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. చుడుతూ పాడేది. నాలుగు సాంచలు నడుస్తుంటే పక్కవాడి మాటే వినబడదు, ఇక పాటేం వినబడుతుంది? పెదాలు కదలడం కనబడేది, అంతే.

కానీ కరెంటు పోయిందా, సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి, అక్క పాట మాత్రం ఆగేది కాదు. ఎక్కడో చరణం నడుమలోంచి ఆ గొంతు వాడంతా వినబడేది. ఎదురింటివాళ్ళు అరుగు మీదికి వచ్చి కూర్చునేవాళ్ళు. కరెంటువాళ్ళను తిట్టాల్సిన టైములో తిట్టుకోకుండా, అందరూ చెవులొగ్గి అట్లా కూర్చోవడం ఏమిటని నాకు ఒళ్ళు మండేది.

నేను కరీంనగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఆరేళ్ళు ఒక పంతులమ్మ దగ్గర సంగీతం నేర్చుకున్నాను. పొద్దున్నే సైకిల్ తొక్కుకుంటూ పోయి, ఆమె వాకిలి ఊడ్చేదాకా బయట నిలబడి, సరళీ వరసల నుంచి మొదలుపెట్టి పరీక్ష దాకా వచ్చాను. సర్టిఫికెట్టుకు అద్దం కట్టించుకున్నాను. పెళ్ళిలో బీరువా వద్దు, హార్మోనియం కావాలని మా బాపుతో పోట్లాడి తెచ్చుకున్నాను. మా ఆయన బడిపంతులు, ఆ ఇంట్లో సాంచ ముట్టని మొదటి మనిషి. నేనేమో ఆ ఇంట్లో హార్మోనియం ముట్టిన మొదటి మనిషిని. అంత గొప్పగా అడుగుపెట్టాను.

పెళ్ళైన ఏడు బతుకమ్మ నాడు అత్తమ్మ నన్ను వాడ ఆడవాళ్ళ ముందుకు తోసి, "మా చిన్న కోడలు సంగీతం నేర్సుకున్నది, ఇనుండ్రి" అంది. గొంతు సవరించుకుని ఒక కీర్తన మొత్తం పాడాను. ఎక్కడా తాళం తప్పలేదు. అందరూ మర్యాదగా నిలబడి విన్నారు. అయ్యాక ఒక ముసలమ్మ, "అయిపోయిందా బిడ్డ? మంచిగున్నది. ఇగ ఆడుదామా మరి?" అంది. అప్పుడు అక్క పాట ఎత్తుకుంది. అంతే, కాళ్ళన్నీ కదిలాయి. నా కాళ్ళూ కదిలాయి, దానికి ఇంకా మంట.

ఆమె పాట ఎత్తుకునే పద్ధతి ఒకటుంది, అది చెప్పాలి. మొదలుపెట్టే ముందు చుట్టూ ఒకసారి చూసేది. వరసలో ముసలివాళ్ళు ఎక్కువగా ఉంటే గొంతు దించి ఎత్తుకునేది. కొత్త కోడళ్ళు, పెళ్ళికాని పిల్లలు ఎక్కువగా ఉంటే పైన పెట్టేది. ఒక పాటలో ఎవరికైనా అందకపోతే తరువాతి పాట కాస్త దించేది. ఎందుకట్లా అని అడిగితే, "అందరికి అందాలె గద చెల్లె" అంది, అదేదో నేనే అడగకూడని మాట అడిగినట్టు. నా లెక్కలో అది తెలివితక్కువతనం. శ్రుతి అంటే ఒకటే ఉండాలి, ఎదుట నిలబడ్డ మనుషులను బట్టి మారితే అదేం శ్రుతి అని లోలోపల నవ్వుకునేదాన్ని. ఆమెను చూసి నవ్వుకోవడానికి నాకు దొరికింది అదొక్కటే.

ఎనభైల నడుమ క్యాసెట్ల గాలి వీచింది. సినిమావాళ్ళతో పని లేకుండా, ఒక టేప్ రికార్డరూ ఒక డప్పూ ఉంటే చాలు, ఎవరికివాళ్ళే పాటలు కట్టి, పాడి, క్యాసెట్టు వేసేవాళ్ళు. అట్ట మీద బొమ్మ కూడా వాళ్ళలోనే ఎవరో గీసేవాళ్ళు. వేములవాడ జాతరలో, బస్టాండుల్లో, శ్రీరాంపూర్ బొగ్గుబాయి గేటు ముందు బస్తా పరిచి అమ్మేవాళ్ళు. మా ఆయన దోస్తు ఒకాయన కరీంనగర్ నుంచి వారపత్రిక నడిపేవాడు. ఒక భక్తి క్యాసెట్టు విని తల పట్టుకుని నేను ఆ పత్రికకు ఉత్తరం రాస్తే, ఆయన అది అచ్చు వేసి, మరుసటి ఆదివారం ఇంటికి వచ్చాడు.

"వదినె, మీరు గిట్లనే వారం వారం రాయుండ్రి. కొత్త క్యాసెట్ల సంగతి రాసేటోళ్ళు మన జిల్లాల ఎవ్వరు లేరు" అన్నాడు.

ఆడమనిషి తప్పులెన్నితే పాడినవాళ్ళు ఊరుకోరని నాకొక మగ పేరు పెట్టాడు. ఆ పేరు వెనక ఉన్నది నేనని ఆయనకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. క్యాసెట్లు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేవాడు, నేను రాసిన కాగితాలు మా ఆయన పోస్టు చేసేవాడు.

సొంత డబ్బా అనుకోకపోతే, మంచిగానే రాసేదాన్ని. కాగజ్‌నగర్ మిల్లు కార్మికులు నలుగురు వేసిన క్యాసెట్టులో మూడో పాట నడుమ సైరన్ మోగుతుంది. వాళ్ళు పాట ఆపి, సైరన్ అయ్యేదాకా ఓపిక పట్టి, సరిగ్గా విడిచిన పదం దగ్గరే మళ్ళీ అందుకున్నారు. 'ఈ క్యాసెట్టులో అన్నిటికంటే అందమైన చోటు ఇదే' అని రాశాను. ఆదిలాబాద్ నుంచి ఒకాయన సగం మరాఠీ మాటలతో పాడితే, భాష కలగాపులగమని వెక్కిరించకుండా, ఆ మాటలు లేకపోతే ఆ పాటకు ఊరు లేదని రాశాను. శ్రీరాంపూర్ బాయి కార్మికుడు ఒకతని క్యాసెట్టులో డప్పు గొంతును మింగేసిందని రాస్తే, 'సార్, మీరన్నది నిజమే, ఈసారి డప్పాయనను గోడకాడ కూసోవెట్టినం' అని కార్డు రాశాడు. ఆ సార్ అన్న మాట చూసుకుని వారం రోజులు మురిసిపోయాను. ఎవరో తెలియనివాళ్ళు పాడినంతకాలం నా చెవులు బాగానే పనిచేశాయి.

రాస్తూ రాస్తూ నాకూ ఆశ పుట్టింది. ఇంతమంది వేస్తున్నారు, ఆరేళ్ళు నేర్చుకున్న నేను వేస్తే ఏం? కరీంనగర్‌లో క్యాసెట్ల దుకాణం పెట్టి, చిన్న చిన్న క్యాసెట్లు తానే వేయించే ఒకాయన దగ్గరికి మా ఆయనను వెంటబెట్టుకుని పోయాను. నేను రివ్యూలు రాసే మనిషినని ఆయనకు తెలియదు. దుకాణం వెనక గదిలో రెండు పాటలు పాడించుకుని విన్నాడు. విని, టీ తెప్పించాడు. టీ వచ్చిందంటేనే నాకు అర్థం కావాల్సింది.

"మంచిగ పాడిన్రు మేడం. ఒక్క తప్పు లేదు. గని గిసొంటియి పట్నంల పోతయి, మన దగ్గర పోవు" అన్నాడు.

బస్సులో మా ఆయన ఏదో సముదాయించబోతే కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఇంటికి వచ్చేసరికి కరెంటు పోయి ఉంది. అరుగుల మీద జనం, లోపల అక్క పాట. ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు.

ఏడాది తిరక్కుండానే ఆ క్యాసెట్లాయన మా ఇంటికి వచ్చాడు. నాకోసం కాదు. వేములవాడ గుళ్ళో కోడెను కట్టే మొక్కుకు వరసలో నిలబడి, పొద్దు పోవడానికి అక్క పాడుకుంటుంటే విన్నాడట. ఏ ఊరు, ఎవరింటివాళ్ళు అని అడిగి పట్టుకున్నాడు. వాకిట్లో నన్ను చూసి, "అరే, మేడం, మీరు గిక్కడనేనా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల ఏమైందో నాకే తెలుసు. కళ్ళలో నిప్పులు పోసుకోవడం అంటారే, అది ఊరికే అనరు.

"నాకు క్యాసెట్టేందయ్య, ఎవలింటరు?" అంది అక్క, చేతులు కొంగుకు తుడుచుకుంటూ. బావకు మాత్రం ఛాతీ ఉబ్బిపోయింది. ఒప్పుకున్నారు.

మా ఊళ్ళో పాట రికార్డు చేయడానికి ఒక చిక్కుంది. కరెంటు ఉంటే సాంచల మోత. మా ఇంట్లో ఆపినా పక్కింట్లో నడుస్తాయి, వాడంతా నడుస్తాయి. మోత లేకుండా ఉండేది కరెంటు కోసినప్పుడే. అందుకని మధ్యాహ్నం కోత టైముకు, బ్యాటరీ సెల్లులతో నడిచే టేప్ రికార్డరు పట్టుకుని వచ్చాడు. ఇంట్లో చాపలు వేసి, వెనక అందుకోవడానికి వాడ ఆడవాళ్ళను నలుగురిని కూర్చోబెట్టాడు. మొదటి వైపు బాగా అయింది. రెండో వైపు మొదలుపెట్టబోతే రికార్డరులో సెల్లులు అయిపోయాయి. కోత ఇంకా గంటే ఉంది. సెల్లులు అమ్మే ఆయన ఎవరి పెళ్ళికో పోతే దుకాణానికి తాళం వేసి ఉంది.

"మేడం, మీ ఇంట్ల సెల్లులున్నయా జర?" అన్నాడు నాతో.

ఉన్నాయి. క్యాసెట్లు వినడానికి నేను ఎప్పుడూ కొత్తవి ఒక జత తెచ్చి ట్రంకు పెట్టెలో చీరల కింద దాచుకునేదాన్ని. అట్ట కూడా విప్పనివి. ఇవి కాక, అయిపోయినవి పిట్టగోడ మీద ఎండలో పెట్టి ఉన్నాయి. ఆ రోజుల్లో అందరం చేసే పనే అది. సెల్లులు నీరసించిపోతే రెండు రోజులు ఎండలో పెడితే కాస్త ప్రాణం వచ్చేది, ఇంకో గంటో రెండు గంటలో నడిచేవి. నేను లోపలికి పోయి ట్రంకు పెట్టె ముందు నిలబడ్డాను. గడియ మీద చెయ్యి కూడా వేశాను. ఆమె పాటకు నా కొత్త సెల్లులెందుకు పెట్టాలి అనుకున్నాను. ఇంత చిన్న మాట, ఇంతకంటే ఏమీ అనుకోలేదు. మెట్లెక్కి పోయి పిట్టగోడ మీదివి తెచ్చి ఇచ్చాను, వెచ్చగా ఉన్నాయి.

అక్క పాడింది. నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అయిదు పాటలు. శ్రుతి వెంట్రుకవాసి కదల్లేదు. ఆరేళ్ళు నేర్చుకున్న చెవులతో చెబుతున్నాను, ఒక్క చోట కదల్లేదు. వెనక అందుకున్న నలుగురిలో ఇద్దరు పెద్దవాళ్ళని, అక్క గొంతు దించి, నిండుగా ఎత్తుకుంది. చివరి పాటకు ఒకామె కళ్ళు తుడుచుకుంది. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేయకుండా కడిగాను.

రెండు నెలలకు క్యాసెట్టు వచ్చింది. అట్ట మీద రాట్నం బొమ్మ. వాడంతా మా ఇంట్లోనే ఉంది. మొదటి వైపు అక్క గొంతు అక్క గొంతులాగే ఉంది. రెండో వైపు తిప్పాక, రెండో పాట నుంచి ఏదో తేడా. గొంతు సన్నబడుతోంది, పాట వేగం పెరుగుతోంది. చివరి పాటకు వచ్చేసరికి పదహారేళ్ళ పిల్ల ఎవరో పరుగెత్తుకుంటూ పాడుతున్నట్టుంది. నాకు వెంటనే తెలిసిపోయింది. రికార్డు చేసేటప్పుడు సెల్లులు నీరసించి టేపు మెల్లగా తిరిగింది. ఇప్పుడు మామూలుగా తిప్పితే గొంతు పైకి లేస్తోంది. క్యాసెట్లాయనకు అది తెలియలేదో, తెలిసీ ఇదే బాగుందనుకున్నాడో. బస్టాండుల్లో ఆ రెండో వైపే ఎక్కువ పెట్టేవాళ్ళట. "గా చివరి పాట పాడిన పిల్లెవలు?" అని అడిగేవాళ్ళట. అక్క పడీ పడీ నవ్వింది. "నేను కొత్తగ కాపురానికొచ్చినప్పటి గొంతు లెక్కున్నది చెల్లె" అని నా భుజం మీద కొట్టింది.

వారానికి బస్సు కండక్టరు పొట్లం తెచ్చాడు. విప్పితే అదే క్యాసెట్టు. రివ్యూకు పంపారు.

రాయనని చెప్పొచ్చు. మా ఇంటివాళ్ళది, న్యాయం కాదు అనొచ్చు. నేను అదే రోజు మధ్యాహ్నం కూర్చుని రాశాను. కలం అంత వడిగా ఎప్పుడూ నడవలేదు. ఇంకా గుర్తుంది: 'గాయనిది సహజమైన కంఠమే. కానీ శ్రుతి మీద అదుపు లేదు. రెండో వైపు పాటలు ఒకదాని తరువాత ఒకటి పైకి పాకుతూ పోయి, చివరి పాటకు ఆమె ఏ మెట్టు మీద ఉందో ఆమెకే తెలియని స్థితి. శిక్షణ లేని గొంతును క్యాసెట్టుకు ఎక్కించడం వినేవారికే కాదు, ఆ గొంతుకు కూడా మేలు కాదు.'

మా ఆయన పోస్టు చేసే ముందు చదివాడు.

"రెండో దిక్కు సెల్లులతోని ఖరాబైనట్టున్నది గద. వదినె గట్ల పాడదు" అన్నాడు.

"నేను క్యాసెట్టు మీద రాస్తున్న, మీ వదినె మీద కాదు. క్యాసెట్టుల ఏముంటే అదే రాస్తరు" అన్నాను.

"నీ ఇష్టం" అని కవరు అంటించాడు. ఆయన మరికొంచెం గట్టిగా అంటే ఆగేదాన్నేమో అని తరువాత చాలాసార్లు అనుకున్నాను, ఆ పాపంలో ఆయనకు కూడా ఒక వాటా ఇద్దామని. ఆయనకు వాటా లేదు.

పత్రిక వచ్చిన రోజు బావ దాన్ని టీ హోటల్ నుంచి మడతపెట్టి తెచ్చాడు. "మనోళ్ళ క్యాసెట్టు గురించి ఏసిన్రట" అని అక్కకు ఇచ్చాడు. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"ఏం రాసిన్రో చదువు చెల్లె."

అప్పుడైనా మార్చి చదవొచ్చు. అక్షరం రాని మనిషి, నేనేం చదివితే అదే. కానీ అచ్చులో నా వాక్యాలు చూడగానే నాకు నా రాత మీద ముద్దొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గు. బళ్ళో పాఠం చదివినట్టు, ఆగాల్సిన చోట ఆగుతూ, మొత్తం చదివాను. మెట్టు, అదుపు, శిక్షణ వంటి మాటలకు అర్థం కూడా చెప్పాను.

అక్క కోపం చేస్తుందనుకున్నాను. ఆయనకేం తెలుసు, మట్టిగడ్డ అంటుందనుకున్నాను. ఆమె పత్రిక తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"గాయన ఎవలో తెలిసినోడే చెల్లె" అంది. "నేను మందిని బట్టి ఎత్తుకుంట గద. ఒకపారి మీదికి, ఒకపారి కిందికి. గది తప్పని నాకు ఇన్నేండ్లల్ల ఎవ్వరు చెప్పలే. గాయన ఇని పట్టుకున్నడు."

చెయ్యని తప్పు నేను మోపితే, తన మంచి అలవాటును తీసి ఆ తప్పు కింద పెట్టుకుంది. అది కాదక్కా అని నోటి దాకా వచ్చింది.

"జర నాకు నేర్పరాదు? నీకు వచ్చు గద."

నేర్పాను. కాదనడానికి నోరు రాలేదు, నిజం చెప్పాలంటే కాదనబుద్ధి కాలేదు. ఆమె శిష్యురాలిలాగా నా ముందు కూర్చోవాలని ఎన్నేళ్ళ నుంచో కోరిక. మధ్యాహ్నం కోత టైములో హార్మోనియం ముందేసుకుని ఒకే మెట్టు నొక్కి పట్టేదాన్ని, ఆమె దాని మీద గొంతు నిలిపేది. కాస్త కదిలితే నేను వేలు ఎత్తేదాన్ని. "తప్పా?" అనేది. "తప్పే" అనేదాన్ని. నేను రెండేళ్ళు పట్టి నేర్చుకున్నది ఆమెకు మూడు నెలల్లో వచ్చేసింది. దానికీ మండింది నాకు. ఆమె తప్పు చేసినా, ఒప్పు చేసినా మండే మనిషిని.

నేర్చుకోవడం మొదలైన నెలకే రాట్నం దగ్గర పాడటం మానేసింది. ఎందుకు పాడటం లేదని అత్తమ్మ అడిగితే, "తప్పుగ పాడుకుంట పోతె గదే అలవాటైతదత్తమ్మ" అంది. కరెంటు పోయేది, సాంచలు ఆగేవి, రాట్నం కిర్రుమనడం ఒక్కటే వినబడేది. ఎదురింటివాళ్ళు అలవాటు కొద్దీ అరుగు మీదికి వచ్చి, కాసేపు కూర్చుని, కరెంటువాళ్ళను తిట్టుకుంటూ లోపలికి పోయేవాళ్ళు. ఆ తిట్లు వింటే మొదట్లో నాకు హాయిగా ఉండేది.

ఆ ఏడు బతుకమ్మకు అక్క అలవాటుగా ముందు నిలబడింది. చుట్టూ చూడలేదు. కళ్ళు మూసుకుని, లోపల హార్మోనియం వెతుక్కుని, నేను నేర్పిన శ్రుతిలో పాట ఎత్తుకుంది. అది నా గొంతుకు సరిపోయే మెట్టు, పైది. తప్పు లేదు, కదల్లేదు. రెండో చుట్టుకే ముసలివాళ్ళకు అందక గొంతులు విరిగాయి. మా అత్తమ్మ నడుమ దగ్గి, వరసలోంచి తప్పుకుని, గోడకు ఆనుకుంది. ఇంకో ఇద్దరు తప్పుకున్నారు.

"ఏందే, గింత మీదికి వెట్టినవు? జర దించు" అని ఎవరో అరిచారు.

"దించద్దు పెద్దమ్మ, శ్రుతి మారద్దు" అంది అక్క. హార్మోనియం ముందు కూర్చుని తప్పా అని అడిగినంత వినయంగా అంది. ఇంకో పాట అదే మెట్టులో ఎత్తుకుంది. ఈసారి అందుకున్నవాళ్ళు సగమే. చప్పట్లు ఒకరివి ముందూ ఒకరివి వెనకా పడ్డాయి. వరస ఆగిపోయింది. అక్క అందరినీ చూసి, నన్ను చూసి, నా చెయ్యి పట్టుకుని నడుమకు తెచ్చింది.

"నువ్వు ఎత్తుకో చెల్లె. నాది ఇంక కుదర్లే."

ఎన్నేళ్ళ కోరిక! ఆ చోటు కోసమే కదా ఇంత చేసింది. ఎత్తుకున్నాను. మొగమాటానికి నాలుగు చుట్లు తిరిగారు, మొగమాటానికి చప్పట్లు కొట్టారు. ఆ ఏడు పూలు పొద్దుండగానే నీళ్ళలో వేసి వచ్చాం.

మరుసటి ఏడు ఎవరో నడుమ టేప్ రికార్డరు పెట్టారు. దాంట్లో అక్క క్యాసెట్టే. అందరూ దాని చుట్టూ తిరిగారు, అక్క కూడా తిరిగింది, నోరు విప్పకుండా చప్పట్లు కొడుతూ. రెండో వైపు వచ్చాక పాట పరుగెత్తితే ఆడవాళ్ళు నవ్వుకుంటూ దానితో పరుగెత్తారు. ఆ నవ్వుల్లో అక్క నవ్వు వినబడలేదు. క్యాసెట్లాయన ఇంకో క్యాసెట్టు వేద్దామని రెండుసార్లు వచ్చాడు. "శ్రుతి ఇంక నిల్వలేదయ్యా, నిల్సినంక చెప్త" అని పంపేసింది. ఆయన నా వైపు చూశాడు, మీరైనా చెప్పండి మేడం అన్నట్టు. నేను లోపలికి పోయాను. ఆయన మూడోసారి రాలేదు.

ఆ తరువాత రెండేళ్ళకు అనుకుంటా, ఒక మధ్యాహ్నం కరెంటు లేదు. రివ్యూకు ఏదో క్యాసెట్టు వచ్చి ఉంది. సెల్లులు నీరసంగా ఉన్నాయి, నడుస్తాయో లేదో చూద్దామని చేతికందిన పాత క్యాసెట్టు పెట్టి నొక్కాను. అది అక్కది, రెండో వైపు, చివరి పాట. నొక్కాక గానీ చూసుకోలేదు.

టేపు మెల్లగా తిరిగింది. అప్పుడు రికార్డు చేసినప్పుడు ఎంత మెల్లగా తిరిగిందో దాదాపు అంత మెల్లగా. పదహారేళ్ళ పిల్ల పోయి అక్క వచ్చింది. ఆ రోజు గుమ్మంలో నిలబడి విన్న గొంతు, దించి, నిండుగా, వెనక ఇద్దరు పెద్దవాళ్ళకు అందేటట్టు ఎత్తుకున్న గొంతు. నేను చెయ్యి తీయలేకపోయాను. ఏడుపొచ్చింది, అసూయతోనే వచ్చింది. ఇంత చేశాక కూడా నాకు ఆ గొంతే కావాలనిపించింది.

రాట్నం ఆగింది. అక్క చేతిలో కండెతో వచ్చి నా పక్కన గడపలో కూర్చుంది. పాట సగం దాకా కదలకుండా వింది.

"గిది నేనేనా?"

"నువ్వే అక్క."

"మంచిగనే ఉన్నది గద" అంది, ఎవరి పాటో మెచ్చుకున్నట్టు. "మీదికి ఎక్కడ పోయింది? పోలే. మరి గాయన గట్లెందుకు రాసిండు?"

చెప్పేద్దామనుకున్నాను. చెప్పగలిగింది ఇంతే.

"కుళ్ళుతోని రాసిండక్క. నీ పాట జూసి ఓర్వలేక రాసిండు."

అక్క నా ముఖంలోకి చూసింది. తరువాత నోరారా నవ్వింది. చాలా ఏళ్ళ తరువాత ఆ నవ్వు.

"పిచ్చిదాన! నన్ను జూసి కుళ్ళేటందుకు నా దగ్గరేమున్నదే? అక్షరం రాదు, ఆస్తి లేదు. గాయన సదువుకున్నోడు, పేపరోడు. గసొంటోనికి నాతోని ఏం పని?" అని లేచి నిలబడింది. "చిన్నప్పుడె నేర్సుకుంటె నేను గూడ నీ లెక్క పాడుదును. నాకే తెలివి లేకపాయె."

ఇంతలో టేపులో పాట సాగిపోయి, గొంతు మొద్దుబారి, మగవాడు మూలిగినట్టయి ఆగిపోయింది.

"సెల్లులు అయిపోయినట్టున్నయి. ఎండల వెట్టు చెల్లె, మళ్ళ పనికొస్తయి" అని అక్క రాట్నం దగ్గరికి పోయింది.

నేను సెల్లులు తీసి చేతిలో పట్టుకున్నాను. ట్రంకు పెట్టెలో కొత్తవి ఉన్నాయి. కరెంటు వచ్చేదాకా అట్లాగే కూర్చున్నాను, పక్క గదిలోంచి కండె చుట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.